పాత పోర్టబుల్ కంప్యూటర్‌కి బయటి స్క్రీన్: ఏ దారి ఎవరికి సరిపోతుంది

మా బాబాయి 1990ల మొదట్లో అమెరికా నుంచి తిరిగొస్తూ తెచ్చుకున్న తోషిబా టీ1000 ఇప్పుడు నా దగ్గరుంది. 1987లో వచ్చిన మోడల్. మూడు కిలోల లోపు బరువు, 4.77 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 కేబీ మెమరీ, ఒక్కటే ఫ్లాపీ డ్రైవ్. డాస్ 2.11 అనే ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి రోమ్ చిప్‌లోనే ఉంటుంది కాబట్టి ఫ్లాపీ పెట్టకపోయినా ఆన్ అయి ప్రాంప్ట్ చూపిస్తుంది. కీబోర్డు ఇప్పటికీ హాయిగా ఉంది. ఇబ్బందల్లా స్క్రీన్‌తోనే. వెనక లైటు లేని ఎల్‌సీడీ, అదీ వెడల్పుగా పొట్టిగా ఉండటంతో అక్షరాలు పైనుంచి నొక్కేసినట్టు కనిపిస్తాయి. పగలు కిటికీ పక్కన కూర్చుంటే చదవచ్చు, సాయంత్రమైతే టేబుల్ లైటు ఎటు తిప్పినా కళ్లు లాగుతాయి.

అందుకని బయట ఒక స్క్రీన్ పెట్టుకుందామని మొదలుపెట్టాను. దాదాపు ఏడాది పాటు ఒక్కో పద్ధతీ ప్రయత్నించి, కొన్నిటికి డబ్బులు తగలేసి, చివరికి నాకు నచ్చిన దారిలో స్థిరపడ్డాను. ఇలాంటి మెషీన్ మీ ఇంట్లో అటక మీద ఉన్నా, ఎక్కడో సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, నేను తిరిగినంత తిరగక్కర్లేదు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది కొనడం కాదు, మెషీన్ వెనక్కి తిప్పి చూడటం. ఏ కన్వర్టర్ మంచిది అని అందరూ అడుగుతారు కానీ నా మెషీన్ నుంచి బయటికొచ్చే సిగ్నల్ ఏంటి అని మాత్రం అడగరు, అసలు నిర్ణయమంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది. 1980ల పోర్టబుల్స్ వెనక సాధారణంగా కనిపించేవి ఇవే: టీవీ వెనక ఉండే పసుపు పిన్ను లాంటి గుండ్రటి కాంపోజిట్ సాకెట్ (బొమ్మ మొత్తం ఒకే తీగలో వస్తుంది), తొమ్మిది రంధ్రాల ఆర్‌జీబీ పోర్టు (రంగులు వేరువేరు తీగల్లో వస్తాయి), లేదంటే రెండూ. 1990ల్లోకి వచ్చాక పదిహేను రంధ్రాల వీజీఏ. కొన్నిటికి అసలు ఏమీ ఉండదు. నా టీ1000కి కాంపోజిట్, ఆర్‌జీబీ రెండూ ఉన్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. మోడెమ్ లాంటివి తగిలించే తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టూ, తొమ్మిది పిన్నుల వీడియో పోర్టూ చూడటానికి ఒకే సైజులో, చాలాసార్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. పిన్నులు బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది సీరియల్, రంధ్రాలుంటే వీడియో. సీరియల్ లైన్ల మీద పన్నెండు వోల్టుల దాకా, అదీ ప్లస్ మైనస్ రెండు వైపులా ఉండొచ్చు, వీడియో వైపు సర్క్యూట్లు ఐదు వోల్టులవి. తప్పు అడాప్టర్ పెట్టి ఒకదాన్ని ఇంకోదానికి కలిపితే చిప్ పోతుంది, ఆ చిప్ మళ్లీ దొరకడం కష్టం. ఏ కేబుల్ పెట్టినా తీసినా రెండు వైపులా పవర్ ఆపేశాకే చేయండి.

సరే, కాంపోజిట్ దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ ముందు ట్రై చేసేది అదే. ఎర్ర, తెలుపు, పసుపు కేబుల్ ఇంట్లోనే ఉంటుంది, టీవీకి ఏవీ ఇన్‌పుట్ ఉంటే నేరుగా పెట్టేయొచ్చు, లేదంటే ఐదారు వందలకి ఏవీ నుంచి హెచ్‌డీఎమ్‌ఐకి మార్చే చిన్న డబ్బా దొరుకుతుంది. నేనూ అదే కొన్నాను. బొమ్మ వచ్చింది, సంతోషం వేసింది, తర్వాత చదవబోతే 80 కాలమ్స్‌లో, అంటే వరుసకి 80 చొప్పున ఉన్న అక్షరాలు ఒకదానిలోకి ఒకటి కారిపోయినట్టున్నాయి. ఎమ్, డబ్ల్యూ అయితే గుర్తుపట్టనే లేం.

నేను మొదట డబ్బాలోనే లోపం ఉందనుకుని ఇంకోటి తెప్పించాను, తేడా లేదు. కారణం డబ్బాలో లేదు. ఈ మెషీన్లు వాడే సీజీఏ అనే ఐబీఎమ్ పీసీ రంగుల వీడియో పద్ధతిలో 80 కాలమ్స్ అంటే అడ్డంగా 640 చుక్కలు, ఆ చుక్కలు సెకనుకి 1.43 కోట్ల వేగంతో, అంటే 14.318 మెగాహెర్ట్జ్‌తో వస్తాయి. ఒక చుక్క వెలిగి పక్కది ఆరితే ఆ సిగ్నల్ 7 మెగాహెర్ట్జ్ పైనే ఉంటుంది. అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో వెలుగు సమాచారానికి ఇచ్చిన చోటే 4.2 మెగాహెర్ట్జ్, అందులో 3.58 దగ్గర రంగు కూర్చుని ఉంటుంది. టీవీ కానీ కన్వర్టర్ కానీ సన్నటి గీతల్ని చూసి ఇది రంగేమో అనుకుని అటు తీసేస్తుంది, మిగిలింది మసకగా చూపిస్తుంది. ఎంత ఖరీదైనది కొన్నా ఈ హద్దు దాటదు.

అంటే కాంపోజిట్ పనికిరాదని కాదు. ఎవరికి పనికొస్తుందో చెప్తాను. మీకు కావాల్సింది పాత గేమ్స్ అయితే, 40 కాలమ్స్ సరిపోతే, ఇది చాలు. డాస్‌లో మోడ్ కమాండ్‌తో సీఓ40 అని ఇస్తే అక్షరాలు రెట్టింపు వెడల్పవుతాయి, బాగానే చదవచ్చు. సీజీఏ కార్డున్న మెషీన్లలో బీడబ్ల్యూ80 అని ఇస్తే రంగు సిగ్నల్ ఆగిపోయి 80 కాలమ్స్ కూడా కొంత తేరుకుంటాయి. కొన్ని సీజీఏ గేమ్స్ అయితే కాంపోజిట్ కోసమే రాశారు, ఆర్‌జీబీలో నాలుగు రంగులే కనిపించే చోట కాంపోజిట్‌లో పదహారు దాకా కనిపిస్తాయి, వాటికి ఇదే సరైన దారి. పాత పాల్ డబ్బా టీవీలకి పెడితే మాత్రం బొమ్మ నలుపు తెలుపులో రావడమో, కింద నుంచి పైకి జారిపోతూ ఉండటమో జరగొచ్చు, ఎందుకంటే ఆ టీవీల కాలంలో మన దేశపు ప్రసారాలు 50 హెర్ట్జ్ పాల్ పద్ధతిలో ఉండేవి, ఈ మెషీన్ల నుంచి వచ్చేది 60 హెర్ట్జ్.

కాంపోజిట్‌లోనే నాకు బాగా నచ్చిన ఇంకో దారి ఉంది, దీని గురించి ఎక్కువమంది ఆలోచించరు. పాత సీసీటీవీ బ్లాక్ అండ్ వైట్ మానిటర్. తొమ్మిది అంగుళాలవీ పన్నెండు అంగుళాలవీ ఒకప్పుడు బ్యాంకుల్లో, షాపుల్లో ఉండేవి. వాటికి రంగు విడదీసే సర్క్యూటే లేదు కాబట్టి వచ్చిన వెలుగుని వచ్చినట్టే చూపిస్తాయి, 80 కాలమ్స్ నిక్కచ్చిగా కనిపిస్తాయి. బీఎన్‌సీ సాకెట్ ఉంటుంది, పది ఇరవై రూపాయల పిన్నుతో పసుపు కేబుల్ తగిలించుకోవచ్చు. వెనక వర్టికల్ హోల్డ్ అనే నాబ్ కాస్త తిప్పితే 60 హెర్ట్జ్‌కి నిలబడుతుంది. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల, పాత సామాన్ల వాళ్ల దగ్గర అడిగి చూడండి, పని చేస్తున్నది కనిపిస్తే వదలొద్దు. మీకు రంగు అక్కర్లేదు, రాత్రిపూట కూర్చుని రాసుకోవాలి, ఆ కాలపు వెలుగే కావాలి అనుకుంటే దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. చోటు ఎక్కువ తీసుకుంటుంది, అదొక్కటే ఆలోచించుకోండి.

ఇప్పుడు ఆర్‌జీబీ పోర్టు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది.

ఐబీఎమ్ సీజీఏ పద్ధతిలో ఈ పోర్టు నుంచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, వాటితో పాటు కాంతి పెంచే ఇంకో లైను, మొత్తం నాలుగు తీగలు వస్తాయి. ప్రతి తీగా ఐతే వెలిగి ఉంటుంది లేకపోతే ఆరి ఉంటుంది, మధ్యలో ఏమీ లేదు. అందుకే పదహారు రంగులు. ఇది డిజిటల్ సిగ్నల్, వీజీఏలాగా కొంచెం కొంచెంగా మారే వోల్టేజీ కాదు. నిమిషానికో సందేహం వచ్చే చోటు ఇదే, ఎందుకంటే మార్కెట్లో దొరికే సగం కన్వర్టర్ల మీద సీజీఏ అని రాసి ఉంటుంది కానీ వాటి లెక్కలో సీజీఏ అంటే 15 కిలోహెర్ట్జ్ అనలాగ్ ఆర్‌జీబీ అని.

జీబీఎస్ 8200 అనే పచ్చ బోర్డు అలాంటిదే. ఆర్కేడ్ గేమ్ మెషీన్ల కోసం చేసింది, చవక, ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతుంది. ఐబీఎమ్ రకం సీజీఏని దానికి నేరుగా తగిలించకూడదు. దానికి కావాల్సింది 0.7 వోల్టు, మనది 5 వోల్టులు. మధ్యలో రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించాలి, ఆ నాలుగో లైనుని మిగతా మూడింటిలో కలపాలి, ఆరో నంబర్ రంగు ముదురు పసుపుగా కాకుండా గోధుమ రంగుగా రావాలంటే ఆకుపచ్చని సగానికి తగ్గించే చిన్న సర్క్యూట్ కూడా పెట్టాలి (ఐబీఎమ్ 5153 మానిటర్ తన లోపలే ఈ పని చేసేది). ఇంత చేశాక కూడా బోర్డు తన సొంత వేగంతో చుక్కల్ని కొలుస్తుంది కాబట్టి అక్షరాల అంచులు వణుకుతాయి. జీబీఎస్ కంట్రోల్ అనే సాఫ్ట్‌వేర్, ఒక చిన్న వైఫై చిప్ కలిపితే చాలా మెరుగవుతుంది, నిజమే. టంకం వేయడం మీకు ఇష్టమైన పని అయితే, ఇంట్లో వేరే గేమ్ కన్సోల్స్ కూడా ఉంటే తీసుకోండి. ఈ ఒక్క మెషీన్ కోసమే అయితే నేను వద్దంటాను.

ఓఎస్‌ఎస్‌సీ లాంటి ఖరీదైన లైన్ డబ్లర్ల (గీతల్ని రెట్టింపు చేసి కొత్త తెరలకి పంపే డబ్బాలు) మాటా అంతే, అవి కూడా అనలాగ్ సిగ్నల్ కోసమే.

నేను చివరికి ఆగింది ఆర్‌జీబీ టు హెచ్‌డీఎమ్‌ఐ అనే ఓపెన్ ప్రాజెక్టు దగ్గర. రాస్ప్‌బెర్రీ పై జీరో మీద ఒక చిన్న బోర్డు కూర్చుంటుంది, ఆ బోర్డులో ఒక లాజిక్ చిప్. మొదట బ్రిటన్‌లో బీబీసీ మైక్రో కంప్యూటర్ల కోసం మొదలైంది, తర్వాత సీజీఏ, ఈజీఏ, ఎమ్‌డీఏ అనే పాత ఐబీఎమ్ పీసీ వీడియో పద్ధతులన్నిటికీ విస్తరించింది. మిగతావి చేయనిది ఇది ఏం చేస్తుందంటే, మెషీన్ ఏ వేగంతో చుక్కలు పంపుతుందో సరిగ్గా అదే వేగంతో, ప్రతి చుక్కనీ దాని మధ్యలో ఒక్కసారి చదువుతుంది. వెలిగిందా, ఆరిందా, అంతే. ఊహించడం, పక్క చుక్కతో కలపడం ఉండదు. ఒక గీతకి 912 లెక్కలు, ఒక ఫ్రేముకి 262 గీతలు అని సీజీఏ కొలతలు ముందే ప్రొఫైల్‌గా ఇచ్చి ఉంటాయి, మీ మెషీన్‌కి తగ్గట్టు ఫేజ్ (చుక్కని ఏ క్షణంలో చదవాలన్నది) కాస్త సరిచేసి సేవ్ చేసుకుంటే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. మొదటిసారి పెట్టినప్పుడు డైరెక్టరీ లిస్టు తెరమీద కనిపించింది, ఒక్క అక్షరం అంచు కూడా చెదరలేదు, ముప్ఫై ఏళ్లు దాటిన మెషీన్ నుంచి ఇంత శుభ్రమైన బొమ్మ వస్తుందని నేను అనుకోలేదు.

దీనికి ఖర్చు కొన్ని వేలు, పై జీరో దొరకడాన్ని బట్టి అటూ ఇటూ. ఆ బోర్డు విదేశం నుంచి తెప్పించుకోవాల్సి వస్తే కస్టమ్స్, పోస్టేజీ కూడా కలుపుకోండి.

దీనికి ఏ స్క్రీన్ పెట్టాలన్నది కూడా ఆలోచించాల్సిందే. ఇంట్లో ఉన్న పెద్ద వెడల్పు టీవీ కంటే, ఆఫీసులు మూలన పడేసిన 17 అంగుళాల పాత ఎల్‌సీడీ నాకు బాగా కుదిరింది. దాని కొలత 1280 బై 1024. సీజీఏ 640 చుక్కలకి అడ్డంగా రెండు రెట్లు వేస్తే సరిగ్గా 1280, నిలువుగా 200 గీతలకి ఐదు రెట్లు వేస్తే 1000. స్క్రీన్ నిండుతుంది, పైనా కిందా పన్నెండేసి గీతలే నల్లగా మిగులుతాయి, ఏ చుక్కా సగంలో తెగదు. అసలు కొలత ప్రకారం అక్షరాలు అతి కొద్దిగా పొడుగవుతాయి, కంటికి తెలియదు. వెనక డీవీఐ పోర్టు ఉన్నది చూసుకుని తీసుకోండి, హెచ్‌డీఎమ్‌ఐ నుంచి డీవీఐకి మామూలు పిన్ను మార్పిడి చాలు, లోపలి సిగ్నల్ ఒకటే. వీజీఏ ఒక్కటే ఉన్న మానిటర్ అయితే ఈ పిన్ను మార్పిడితో కుదరదు.

వీజీఏ మానిటరే వాడాలనుకునే వాళ్లకి ఎమ్‌సీఈ2వీజీఏ అని ఒక బోర్డు ఉంది. పేరులోనే ఉంది, ఎమ్‌డీఏ, సీజీఏ, ఈజీఏ తీసుకుని వీజీఏ ఇస్తుంది. మెనూలు, సెట్టింగుల తలనొప్పి తక్కువ, పెట్టి ఆన్ చేయడమే. మీ దగ్గర మంచి వీజీఏ డబ్బా మానిటర్ మిగిలి ఉంటే, గాజు తెర మీదే చూడాలనుకుంటే, దీన్నే ఎంచుకోండి. రెండిటిలో ఏది అని నన్నడిగితే, రాత పని, స్క్రీన్‌షాట్లు, వీడియో రికార్డింగు ఉన్నవాళ్లు ఆర్‌జీబీ టు హెచ్‌డీఎమ్‌ఐ, పాత గాజు తెర ఉన్నవాళ్లు ఎమ్‌సీఈ2వీజీఏ.

అసలైన సీజీఏ మానిటర్ దొరికితే? దొరికితే అదృష్టమే. కానీ ఎమ్‌డీఏ మానిటర్‌ని సీజీఏ అనుకుని తగిలించకండి, పోర్టు ఒకేలా ఉంటుంది, ఎమ్‌డీఏ 18.4 కిలోహెర్ట్జ్, సీజీఏ 15.7. ఐబీఎమ్ 5151 లాంటి పాత మానిటర్లు తప్పు వేగం ఇస్తే లోపల కాలిపోగలవు.

ఇదంతా ఎల్‌సీడీ ఉన్న పోర్టబుల్స్ మాట. సూట్‌కేసు లాంటి పాత మెషీన్ల సంగతి కొంచెం వేరు, వాటిలో లోపలే గాజు తెర ఉంటుంది.

1981లో వచ్చిన ఓస్బోర్న్ 1 చూడండి. దాన్ని తెచ్చిన ఆడమ్ ఓస్బోర్న్ చిన్నతనం మనవాళ్లు గిరిప్రదక్షిణకి వెళ్లే అరుణాచలంలోనే గడిచింది, వాళ్ల నాన్న ఆర్థర్ ఓస్బోర్న్ రమణ మహర్షి భక్తుడు. ఆడమ్ 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూశారు. ఆ మెషీన్ బరువు దాదాపు 11 కిలోలు, తెర మాత్రం ఐదు అంగుళాలే. ముందు వైపునే బయటి మానిటర్ కోసం ఒక ఎడ్జ్ కనెక్టర్ ఉంటుంది, మామూలుగా దానికి ఒక చిన్న ప్లగ్ తగిలించి ఉంటుంది, లోపలి తెరకి సిగ్నల్ ఆ ప్లగ్ గుండానే వెళ్తుంది. అది పోగొట్టుకుంటే లోపలి తెర నల్లగా ఉంటుంది, మెషీన్ పాడైందనుకుని చాలామంది కంగారు పడతారు. బయటికొచ్చే సిగ్నల్‌లో వీడియో, సింక్ (ఏ గీత ఎక్కడ మొదలవుతుందో చెప్పే సిగ్నల్) వేరువేరుగా ఉంటాయి కాబట్టి వాటిని కలిపి కాంపోజిట్ చేసే చిన్న అడాప్టర్ కావాలి. ఒకటి గుర్తుపెట్టుకోండి, బయటి మానిటర్ పెట్టినంత మాత్రాన 52 కాలమ్స్ 80 అయిపోవు. అక్షరాలు పెద్దవవుతాయి, అంతే. దానికి 80 కావాలంటే స్క్రీన్‌ప్యాక్ అనే అప్‌గ్రేడ్ ఉన్న మెషీన్ అయి ఉండాలి. అక్షరాలు 52 మాత్రమే కాబట్టి కాంపోజిట్‌లో కూడా బాగానే చదవొచ్చు, సీసీటీవీ మానిటర్ దీనికి చక్కగా సరిపోతుంది.

1983 నాటి కంపాక్ పోర్టబుల్‌కి తొమ్మిది అంగుళాల ఆకుపచ్చ తెర, వెనక ఆర్‌జీబీ, కాంపోజిట్ రెండూ ఉన్నాయి. లోపలి తెర మీద అక్షరాలు చాలా నున్నగా ఉంటాయి, బయటికొచ్చేది మామూలు సీజీఏ. కాబట్టి రాత పనికి లోపలి తెరే మేలు, రంగు గేమ్స్ కోసమైతే బయటిది. ఈ గాజు తెరల మెషీన్లని బొమ్మ కోసం విప్పకండి, ఆపేసిన తర్వాత కూడా లోపల వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. అమెరికా నుంచి వచ్చినదైతే ప్లగ్గు పెట్టే ముందు వెనక 115 అని ఉందో 230 అని ఉందో చదవండి, 115 అయితే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఆన్ చేయొద్దు.

వీజీఏ ఉన్న 1990ల ల్యాప్‌టాప్‌లు, అంటే ఐబీఎమ్ థింక్‌ప్యాడ్‌ల లాంటివి, తేలిక. పాత మానిటర్‌కి నేరుగా కేబుల్ పెట్టేయండి, అంతకన్నా ఏమీ కొనక్కర్లేదు. హెచ్‌డీఎమ్‌ఐ టీవీయే కావాలంటే అడాప్టర్ కొనేటప్పుడు దిక్కు చూసుకోండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అడిగితే ముందు చేతిలో పెట్టేది హెచ్‌డీఎమ్‌ఐ నుంచి వీజీఏకి వెళ్లేది, మనకి కావాల్సింది దానికి ఎదురుది, వీజీఏ నుంచి హెచ్‌డీఎమ్‌ఐ. డాస్ ప్రాంప్ట్ 720 బై 400, 70 హెర్ట్జ్‌లో వస్తుంది, కొన్ని టీవీలు దాన్ని ఒప్పుకోవు, విండోస్‌లోకి వెళ్లాక మాత్రమే బొమ్మ వస్తుంది. అప్పుడు మెషీన్‌ని అనుమానించకండి.

యాపిల్ పవర్‌బుక్‌ల విషయంలో కొనేముందే మోడల్ నంబర్ చూసుకోవాలి. 1991లో వచ్చిన 100, 140, 170లకి బయటి వీడియో పోర్టే లేదు. 1992లో వచ్చిన 160, 180లకి ఉంది, కానీ దాని సాకెట్ చిన్నది, యాపిల్ ఇచ్చిన ప్రత్యేక కేబుల్ కావాలి, ఆ తర్వాత మ్యాక్ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్. కేబుల్ లేకుండా 180 అమ్ముతుంటే ధర ఆ మేరకు తగ్గించమని అడగండి.

ఇక వీడియో పోర్టే లేనివి. టీఆర్‌ఎస్ 80 మోడల్ 100కి అప్పట్లో డిస్క్ వీడియో ఇంటర్‌ఫేస్ అని విడిగా ఒక పెట్టె అమ్మేవారు, అది పెడితే 40 బై 8 తెర కాస్తా మానిటర్ మీద 80 బై 25 అయ్యేది. ఐబీఎమ్ పీసీ కన్వర్టిబుల్‌కీ వెనక తగిలించే వీడియో స్లైస్ ఉండేది. రెండూ అరుదు. వాటి కోసం నెలల తరబడి వెతికే ఓపిక ఉంటే సరే. మెషీన్ విప్పి ఎల్‌సీడీ తీగల మీద నుంచి సిగ్నల్ లాగడం మాత్రం వద్దు, ఆ సన్నటి రిబ్బన్లు ఒకసారి చిరిగితే ఉన్న తెర కూడా పోతుంది.

డాస్ మెషీన్లకి, రాత మాత్రమే చాలనుకునే వాళ్లకి, ఇంకో దారి ఉంది, అది వీడియోనే కాదు. సీరియల్ పోర్టు. రెండు కంప్యూటర్లని నేరుగా కలిపే నల్ మోడెమ్ కేబుల్, యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్, మీ ఇప్పటి ల్యాప్‌టాప్‌లో ఏదైనా టెర్మినల్ ప్రోగ్రాం. పాత మెషీన్‌లో ముందు మోడ్ కమాండ్‌తో కామ్1ని 9600కి పెట్టి, సీటీటీవై కామ్1 అని కొడితే ప్రాంప్ట్ అటు వెళ్లిపోతుంది. కొత్త ల్యాప్‌టాప్ తెర మీదే డైరెక్టరీ చూడొచ్చు, ఫైళ్లు కాపీ చేయొచ్చు, బ్యాచ్ ఫైళ్లు నడపొచ్చు. వర్డ్‌స్టార్ లాంటి నిండు తెర ప్రోగ్రాములు వీడియో మెమరీలోకి నేరుగా రాస్తాయి కాబట్టి అవి ఇలా కనిపించవు. వెనక్కి రావాలంటే అక్కడి నుంచే సీటీటీవై కాన్ అని కొట్టాలి. పోర్టు లేని మెషీన్‌కే కాదు, తెర పూర్తిగా చచ్చిపోయిన మెషీన్ నుంచి పాత ఫైళ్లు బయటికి తీయడానికి కూడా నేను వాడింది ఇదే, కాకపోతే అప్పుడు ఆ కమాండ్లు చూడకుండానే టైపు చేయాలి, లేదా ఫ్లాపీలో, ఆన్ కాగానే దానంతట అదే నడిచే ఆటోఎగ్జెక్ ఫైలులో ముందే రాసి పెట్టాలి.

మీరు ఏది ఎంచుకున్నా ఒక పని మాత్రం ముందు చేయండి, కన్వర్టర్ ఆర్డర్ పెట్టకముందే. టీ1000 లాంటి వాటిలో నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది, ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే కారి బోర్డు మీది రాగి గీతల్ని తినేస్తుంది. అది మార్పించి, చుట్టూ శుభ్రం చేయించి, మెషీన్ ఒక గంట నిలకడగా నడుస్తుందని చూసుకున్నాకే స్క్రీన్ మీద డబ్బు పెట్టండి. నా దాంట్లో అప్పటికే కారడం మొదలైంది, ఇంకో రెండేళ్లు ఆగి ఉంటే ఈ ఆర్‌జీబీ పోర్టు దాకా సిగ్నల్ వచ్చేదే కాదు.